పిల్లల్ని ఏ కోచ్ చేతిలో పెట్టాలి? విజయవాడ, గుంటూరు తల్లిదండ్రులకు ఒక అమ్మ చెప్పే పోలిక

ఆ ఏడు దసరాల్లో అమ్మవారి కొండకి మెట్ల దారిన వెళ్లాం. మా పెద్దమ్మాయికి అప్పుడు పన్నెండేళ్లు. రోజూ రెండు గంటలకు పైగా షటిల్ ఆడే పిల్ల, ముప్పై మెట్లు ఎక్కేసరికి రెయిలింగ్ పట్టుకుని ఆగిపోయింది. ఏమైందమ్మా అంటే, "ఏం లేదు, పదండి" అంది. ఇంటికొచ్చాక ట్రాక్ ప్యాంటు పైకి లాగి చూస్తే మోకాలికి క్రేప్ బ్యాండేజ్ ఉంది. చిప్ప కింద ఎముక ఉబ్బిపోయి ఉంది. ముట్టుకుంటే కెవ్వుమంది. మూడు నెలలుగా అలాగే ఆడుతోందట. మొదట్లో ఒకసారి కోచ్‌కి చెప్పిందట. "ఫిట్‌నెస్ అనేసరికి నీకన్నీ నొప్పులే" అని బ్యాచ్ అందరి ముందూ అన్నారట. ఆ తర్వాత ఇక ఎవరికీ చెప్పలేదు. మాకు కూడా.

డాక్టరు గారు దాన్ని ఆస్‌గుడ్ ష్లాటర్ అన్నారు. పది నుంచి పదిహేనేళ్ల మధ్య, గబగబా పొడుగు పెరిగే రోజుల్లో, ఎక్కువగా దూకే, పరిగెత్తే పిల్లలకు వస్తుందట. తొడ కండరం వచ్చి మోకాలి కింద ఎముకను పట్టుకునే చోట ఎముక ఇంకా పూర్తిగా గట్టిపడి ఉండదు. అక్కడ లాగి లాగి వాచిపోతుంది. ఎదుగుదల ఆగాక చాలామందికి దానంతట అదే సర్దుకుంటుంది, భయపడాల్సింది లేదన్నారు. "మొదటి వారంలోనే తెలిసుంటే ఆట కాస్త తగ్గిస్తే సరిపోయేదమ్మా, ఇప్పుడు పూర్తిగా ఆపాలి" అన్నారు. పిల్లకి నొప్పి వచ్చినందుకు కాదు నాకు ఏడుపొచ్చింది. చెప్పుకోవడానికి దానికి ఒక మనిషి లేకపోయినందుకు.

మొదటిసారి కోచింగ్‌లో వేసేటప్పుడు నేనూ అందరిలాగే ఫీజు, దూరం, కోర్టు, గోడ మీద కప్పుల ఫొటోలు చూశాను. రెండోసారి వెతికేటప్పుడు మాత్రం ఒకే ప్రశ్న పెట్టుకుని తిరిగాను. ఇక్కడ నా బిడ్డ "సార్, నొప్పిగా ఉంది" అని చెప్పగలదా? "సార్, నాకు భయమేస్తోంది" అనగలదా? మా ఇల్లు విజయవాడ, పుట్టిల్లు గుంటూరు. రెండు ఊళ్లలో రెండు నెలలు తిరిగాం. ఆ తిరుగుడులో తెలిసినవి, తర్వాతి ఏళ్లలో తోటి తల్లిదండ్రుల దగ్గర విన్నవి కలిపి రాస్తున్నాను.

చేర్చే ముందు ఒక వారం కూర్చుని చూడండి

ట్రయల్ క్లాసు ఒక్క రోజే ఇస్తారు. ఆ రోజు అందరూ బాగానే ఉంటారు. వారం రోజులు గ్యాలరీలోనో చెట్టు కిందో కూర్చుని చూస్తామని అడగండి. వద్దంటే ఎందుకో అడగండి. గేటు దాటి రావొద్దు, పిల్లలు డిస్టర్బ్ అవుతారు అనే చోట్లు ఉన్నాయి. రోజూ అరుస్తూ సలహాలిచ్చే తల్లిదండ్రుల వల్ల విసిగి అలా అంటారు, అది అర్థం చేసుకోవచ్చు. కానీ నెలకి ఒక్క రోజు కూడా చూడనివ్వని చోట నేనైతే వేయను.

కూర్చున్నప్పుడు బాగా ఆడే పిల్లల మీదకే మన కళ్లు పోతాయి. వాళ్లను వదిలేసి, బ్యాచ్‌లో అందరికన్నా వెనక ఉన్న పిల్లని చూడండి. ఆ పిల్లకి షాట్ తప్పినప్పుడు కోచ్ ముఖం ఎలా ఉంది? దగ్గరికి వెళ్లి మణికట్టు ఎలా తిప్పాలో చూపించారా, దూరం నుంచే ఒక మాట విసిరారా? ఆ పిల్ల పేరు ఆయనకి తెలుసా? ఒక చోట ఒక బొద్దు పిల్లాడిని నాలుగు రోజులూ "ఒరేయ్ బొండాం" అనే పిలిచారు. పిల్లలంతా నవ్వారు, వాడూ నవ్వాడు. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చే దారిలో, "అమ్మా, ఇక్కడ వద్దు" అంది. దానికి వారం అక్కర్లేకపోయింది.

ఇంకొకటి, నీళ్లు. మన ఎండలు తెలిసినవే. మే నెలలో సాయంత్రం నాలుగింటికి కూడా బెజవాడ గ్రౌండ్‌లో నేల కాలుతుంటుంది. నీళ్లు తాగడానికి పిల్లలు బతిమాలుకోవాలా, లేక కోచే ఇరవై నిమిషాలకోసారి ఆపి తాగిస్తున్నారా? చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ పిల్ల ఒంటి గురించి ఆ మనిషికి ఎంత పట్టింపు ఉందో అక్కడ తెలిసిపోతుంది.

స్టేడియం బ్యాచ్

విజయవాడలో ఇందిరాగాంధీ మున్సిపల్ స్టేడియం, దండమూడి రాజగోపాలరావు ఇండోర్ స్టేడియం, గుంటూరులో బ్రహ్మానందరెడ్డి స్టేడియం, బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియం. మన రెండు ఊళ్లలో ఆట అంటే ముందు గుర్తొచ్చే చోట్లు ఇవే. ఫీజు తక్కువ. అన్ని రకాల ఇళ్ల నుంచీ పిల్లలు వస్తారు. కూరగాయల బండి ఆయన కూతురు, బ్యాంకు మేనేజరు కొడుకు ఒకే లైన్లో వార్మప్ చేస్తారు. పిల్లలకి అదొక చదువు. పాతికేళ్లుగా పిల్లల్ని చూస్తున్న కోచ్‌లు ఇలాంటి చోట్లే దొరుకుతారు. ఏ పిల్లకి ఎప్పుడు ఒళ్లు పెరుగుతోందో, ఎవరి ఇంట్లో గొడవలున్నాయో వాళ్లకి నడక చూసే తెలిసిపోతుంది.

ఇబ్బంది కూడా ఉంది. ఒక్క కోచ్ చేతి కింద ముప్పై, నలభై మంది ఉండొచ్చు. మన పిల్ల నెమ్మదస్తురాలైతే ఆ గుంపులో ఆర్నెల్లు గడిచినా ఎవరి కంటా పడదు. ప్రభుత్వ కోచ్‌లకు బదిలీలుంటాయి, కాంట్రాక్టు మీద ఉన్నవాళ్లకు గడువు తీరిపోతుంటుంది. అప్పుడప్పుడే మాట కలిపిన మనిషి వెళ్లిపోతే పిల్ల మళ్లీ మొదటికొస్తుంది. అందుకని అక్కడ చేర్చేటప్పుడు కోచ్‌తో పాటు సీనియర్లనూ చూడండి. మంచి స్టేడియం బ్యాచ్‌లో పెద్ద పిల్లలే చిన్నవాళ్లకి సగం నేర్పుతారు. కోచ్ మారినా ఆ అక్కలూ అన్నయ్యలూ ఉంటారు.

ప్రైవేట్ అకాడమీ

కోర్టు బాగుంటుంది, లైట్లు బాగుంటాయి, బ్యాచ్ చిన్నది. మెసేజ్ పెడితే బదులిస్తారు. మా అమ్మాయి మొదట ఆడింది అలాంటి చోటే. మొదటి ఏడాది నిజంగా బాగా నేర్పారు, ఆ మాట చెప్పకపోతే తప్పవుతుంది. చిక్కు తర్వాత మొదలైంది. బోర్డు మీద పేరున్న సార్ వారానికి ఒక్కసారి వచ్చేవారు. మిగిలిన రోజులు చేతిలో ర్యాకెట్ పట్టుకున్నది ఇరవై రెండేళ్ల అసిస్టెంటు. ఆ అసిస్టెంట్లు కూడా ఏడాదిలో ముగ్గురు మారారు. పిల్ల ఎవరితో మనసు విప్పి మాట్లాడాలి?

కాబట్టి అకాడమీలో అడగాల్సిన మొదటి ప్రశ్న: రోజూ నా బిడ్డతో ఉండేది ఎవరు? ఆ మనిషిని పిలిపించి మాట్లాడండి. ఎన్నాళ్లుగా ఉన్నారో అడగండి. ఎన్ఐఎస్ చేశామంటారు చాలామంది. పాటియాలాలో 1961లో మొదలైన ఆ జాతీయ క్రీడా సంస్థలో ఏడాది డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది. రెంటికీ మన దగ్గర ఒకటే మాట వాడతారు. ఆరు వారాల కోర్సు చేసినవాళ్లలో అద్భుతమైన కోచ్‌లు ఉండొచ్చు, కానీ అడిగితే ఏది చేశారో సూటిగా చెప్పాలి. అక్కడే తడబడితే రేపు పిల్ల గురించి మాత్రం నిజం చెబుతారని ఎలా అనుకుంటాం?

"రెండేళ్లలో మీ పాపని స్టేట్ ఆడిస్తాను" అనే మాట దగ్గర ఆగండి. ఆ మాట మాకూ చెప్పారు, నమ్మాం. ఇప్పుడు ఆలోచిస్తే, పిల్లని పట్టుమని పది రోజులు కూడా చూడకుండా అన్న మాట అది. మంచి కోచ్‌లు ఏమంటారో తర్వాత విన్నాను. "ముందు ఆర్నెల్లు ఆడనివ్వండి, అప్పుడు మాట్లాడుకుందాం" అంటారు.

అకాడమీలో గంటలు కూడా లెక్క చూసుకోండి. ఫీజు ఎక్కువ కడితే రెండు పూటలా రమ్మంటారు. ఆటల డాక్టర్లు చెప్పే ఒక సులువైన లెక్క ఉంది: పిల్లల వయసు ఎంతో, వారానికి ఆ ఆట అన్ని గంటలు దాటకూడదు. పన్నెండేళ్లకి పన్నెండు గంటలు. వారానికి కనీసం ఒక రోజు పూర్తి విశ్రాంతి. మా అమ్మాయి పదహారు గంటలు ఆడేది, ఆదివారం కూడా మ్యాచ్‌లు. ఎక్కువ ఆడితే ఎక్కువ వస్తుందనుకున్నాం. కోచ్ ఆపలేదు, మేమూ ఆపలేదు.

హాస్టల్లో ఉంచి ఆడించడం

ప్రభుత్వ క్రీడా పాఠశాలల్లో చిన్న తరగతుల్లోనే చేర్చుకుంటారు. ప్రైవేటులో ఏ వయసులోనైనా చేర్చుకుంటారు. ఇక్కడ పోలిక పూర్తిగా వేరు, ఎందుకంటే కోచ్ అమ్మా నాన్నా కూడా అవ్వాలి. జ్వరం వస్తే నుదురు తాకి చూసేది ఎవరు? ఓడిపోయిన రాత్రి అన్నం మానేస్తే కనిపెట్టేది ఎవరు? ఆడపిల్లలకు మొదటిసారి నెలసరి వచ్చినప్పుడు చెప్పుకోవడానికి ఒక ఆడమనిషి అక్కడ రాత్రీ పగలూ ఉందా? ఇవి అడగడానికి మొహమాటపడకండి.

ఫోన్ గురించి ముందే మాట్లాడుకోండి. పిల్లల చేతిలో ఫోన్ ఉండకూడదు అనే నియమం మంచిదే. కానీ వారానికి రెండుసార్లైనా పక్కన ఎవరూ లేకుండా ఇంటికి మాట్లాడే వీలుండాలి. స్పీకర్ పెట్టి, వార్డెన్ పక్కన నిలబడితే ఏ పిల్లా నిజం చెప్పదు. మా బంధువుల అబ్బాయి ఒకడు ఏడాదంతా "బాగున్నాను, బాగానే తింటున్నాను" అన్నాడు. సంక్రాంతికి వచ్చి మళ్లీ వెళ్లేరోజు బస్టాండులో వాళ్ల నాన్న కాళ్లు పట్టుకున్నాడు.

నా ఉద్దేశం చెప్పమంటే, పదమూడేళ్ల లోపు హాస్టల్ వద్దంటాను. ఊళ్లో నేర్చుకునే వీలు అసలే లేకపోతేనో, ఇంటి పరిస్థితి వల్ల హాస్టలే పిల్లకి మెరుగైతేనో తప్ప.

అమ్మానాన్నలే కోచ్ అయితే

మన వైపు ఇది వింత కాదు. గుడివాడ అమ్మాయి కోనేరు హంపికి చదరంగం నేర్పింది నాన్న అశోక్ గారే. లెక్చరర్ ఉద్యోగం వదిలి కూతురి వెంట తిరిగారు. 2002లో పదిహేనేళ్లకే ఆమె గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లో ఒకసారి, తల్లి అయ్యాక కూడా వదలకుండా 2024లో మరోసారి ప్రపంచ ర్యాపిడ్ చాంపియన్ అయింది. నమ్మకం పుట్టుకతో ఉంటే ఎంత దూరం వెళ్లొచ్చో అది చూపిస్తుంది.

అయితే అశోక్ గారు స్వయంగా మంచి ఆటగాడు. మనలో చాలామందికి ఆ అర్హత లేదు, యూట్యూబ్ చూసి నేర్పుదామని దిగుతాం. ఇంకో చిక్కు: ఓడిన రోజు పిల్ల కోచ్ నుంచి ఇంటికి పారిపోయి వస్తుంది. కోచ్ ఇంట్లోనే ఉంటే ఎక్కడికి పోతుంది? మీకు ఆట నిజంగా వచ్చి, మీరే నేర్పుతుంటే ఒక్క నియమం పెట్టుకోండి. బండి ఇంటి ముందు ఆగాక ఆట మాట ఎత్తకూడదు. అన్నం దగ్గర అసలు ఎత్తకూడదు. మా వారు కాలేజీలో షటిల్ ఆడిన మనిషి. ఈ నియమం నిలబెట్టుకోవడానికి ఆయనకు ఏడాది పట్టింది.

స్కూల్లో పీఈటీ సార్‌ని మాత్రం మర్చిపోకండి. పిల్లలో ఏముందో ముందుగా కనిపెట్టేది ఆయనే, అండర్-14 స్కూల్ గేమ్స్‌కి పంపేదీ ఆయనే. ఏ కోచ్ దగ్గర వేసినా ఆయన్ని ఒక మాట అడిగి వేయండి.

కఠినంగా ఉండే కోచ్, మెత్తగా ఉండే కోచ్

చివరికి చాలామంది ఇద్దరు కోచ్‌ల మధ్య ఆగిపోతారు. ఒకరు గట్టి మనిషి, పతకాలు తెప్పిస్తారు, పిల్లలు వణుకుతారు. ఇంకొకరు ప్రేమగా ఉంటారు, కానీ అక్కడి నుంచి పెద్దగా ఎవరూ పైకి వెళ్లలేదు. ఏది?

పుల్లెల గోపీచంద్ గారి కఠినత్వం గురించి అందరం విన్నాం. 2016 రియో ఒలింపిక్స్‌కి ముందు మూడు నెలలు సింధు దగ్గర ఫోన్ లేకుండా చేశారు. ఆ కథ చెప్పి, "చూడండి, గోపీచంద్ అలా చేశారు కాబట్టే" అంటూ పదేళ్ల పిల్లల మీద అరిచే కోచ్‌లున్నారు. సింధుకి అప్పటికి ఇరవై ఒక్కేళ్లు. చిన్నప్పటి నుంచి ఆయన దగ్గర ఆడిన పిల్ల. ఫోన్ తీసుకోగలిగారంటే దాని వెనక ఏళ్ల తరబడి కూడబెట్టిన నమ్మకం ఉంది. పతకం రాగానే ఫోన్ తిరిగిచ్చేస్తానని నవ్వుతూ చెప్పింది కూడా ఆయనే. వచ్చిన మొదటి నెలలోనే ఆ హక్కు ఎవరికీ రాదు.

నాకు ఇంకా బాగా నచ్చేది కిడాంబి శ్రీకాంత్ సంగతి. మన గుంటూరు కుటుంబం. అన్నయ్య నందగోపాల్ వెనకే గోపీచంద్ అకాడమీకి వెళ్లాడు, డబుల్స్ ఆడేవాడు. సింగిల్స్‌కి మారమని చెప్పింది గోపీచంద్ గారే. ఆడుతున్న ఆట వదిలి, ఎవరో చెప్పారని కొత్త దారిలోకి వెళ్లాలంటే ఆ కుర్రాడికి ఎంత నమ్మకం ఉండాలి! అతను 2014లో చైనా ఓపెన్ ఫైనల్లో చైనా దిగ్గజం లిన్ డాన్‌ని ఓడించాడు. 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టోర్నమెంట్లు గెలిచాడు. 2018లో ప్రపంచ నంబర్ వన్ అయ్యాడు. పిల్ల తనలో తాను చూసుకోలేనిది కోచ్ చూడగలిగాడా, చూసింది చెబితే పిల్ల వింటుందా? గురువు అనే మాటకి నాకు తెలిసిన అర్థం అది. అరుపులు, కేకలు, మెత్తని మాటలు దాని తర్వాతి సంగతి.

కాబట్టి గట్టి కోచ్ ఆటని తిడుతున్నారా, పిల్లని తిడుతున్నారా అని వినండి. "ఈ షాట్‌కి కాలు కదలలేదు, మళ్లీ కొట్టు" అని వందసార్లు చెప్పినా పిల్ల భరిస్తుంది. "నీ వల్ల కాదులే" అని ఒక్కసారి అన్నా ఆ రాత్రి నిద్రపోదు. మెత్తని కోచ్ విషయంలో చూడాల్సింది వేరు. తప్పుని తప్పని చెబుతున్నారా? ప్రతిదానికీ సూపర్, సూపర్ అంటుంటే పిల్లలకి కొన్నాళ్లకే ఆ మాట మీద నమ్మకం పోతుంది. ఇద్దరూ ఈ పరీక్షలో నెగ్గితే నేను గట్టి మనిషి వైపే మొగ్గుతాను.

నమ్మకం ఉన్నా కళ్లు మూసుకోకూడని చోట్లు

కోచ్‌ని దేవుడిలా చూడమని పిల్లలకి నేర్పుతాం. పాదాలకి దణ్ణం పెట్టిస్తాం. అది తప్పని అనను. కానీ ఎంత పెద్ద కోచ్ అయినా తలుపు వేసిన గదిలో పిల్లతో ఒంటరిగా ఉండకూడదు. మసాజ్, స్ట్రెచింగ్ పేరుతో ఒంటి మీద చేయి వేసేది ఏదైనా నలుగురి ముందే జరగాలి. రాత్రిళ్లు పిల్లకి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదు, ఏదైనా ఉంటే తల్లిదండ్రులున్న గ్రూపులో పెట్టాలి. టోర్నమెంట్‌కి బయటి ఊరు వెళితే ఎవరెవరు ఏ గదిలో ఉంటారో ముందే తెలియాలి. ఈ నాలుగు మాటలు చేరిన రోజే కోచ్‌కి చెప్పండి. మంచి మనిషి నొచ్చుకోరు, "నేనూ అదే అనుకుంటాను" అంటారు.

2012లో వచ్చిన పోక్సో చట్టం పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలందరికీ వర్తిస్తుంది, మగపిల్లలకీ. నమ్మి అప్పగించిన స్థానంలో ఉన్నవాళ్లు తప్పు చేస్తే శిక్ష ఇంకా ఎక్కువ. తెలిసి కూడా చెప్పకుండా దాచడం కూడా నేరమే. చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 పిల్లలకి కంఠతా వచ్చేలా నేర్పండి.

ఇంకా రెండు సంగతులు. ప్రొటీన్ డబ్బాలు, బలం ఇంజెక్షన్లు కోచ్ తెచ్చిస్తే డాక్టరుకి చూపించకుండా వాడకండి. డోపింగ్ నిబంధనల్లో ఒంట్లో దొరికినదానికి బాధ్యత ఆడేవాళ్లదే, ఎవరిచ్చారన్నది తర్వాతి మాట. రెండోది వయసు. "ఒక ఏడాది తగ్గించి సర్టిఫికెట్ చేయిద్దాం, అండర్-14లో ఇంకోసారి ఆడొచ్చు" అని నవ్వుతూ అంటారు. మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముక వయసు చూసే రోజులివి, దొరికితే నిషేధం పిల్లకే. దొరక్కపోయినా, అబద్ధం చెప్పమన్న మనిషిని పిల్ల ఇక ఏ మాటకి నమ్మాలి? ఈ మాట వినిపించిన రోజే మేము ఒక అకాడమీ నుంచి లేచి వచ్చేశాం.

నేనైతే ఎలా తేల్చుకుంటాను

పదేళ్ల లోపు పిల్లలైతే ఇంటికి దగ్గరగా, నవ్వుతూ ఆడించే చోటు చాలు. ఒకే ఆట అని పట్టుబట్టకండి. మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ చిన్నప్పుడు కృష్ణానదిని ఈదిన ఈతగత్తె, విల్లు పట్టింది తర్వాత. 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు తెచ్చింది.

పదకొండు నుంచి పద్నాలుగు మధ్య వయసే అన్నిటికన్నా సున్నితం. ఒళ్లు మారుతుంటుంది, స్కూల్లో ఫౌండేషన్ బ్యాచ్ టెన్షన్ మొదలవుతుంది, ఇంట్లో మాటలు తగ్గుతాయి. ఈ వయసులో అన్ని హంగులున్న అకాడమీ కన్నా, రోజూ అదే మనిషి కనిపించే పాత కోర్టు మేలు. మేము అదే చేశాం. స్టేడియం బ్యాచ్‌లో వేశాం. చెక్క నేల ఒకచోట కిర్రుమంటుంది, ఫ్యాన్లు సగం తిరగవు. మొదటి రోజు ఆ సార్ ర్యాకెట్ ఇవ్వలేదు. "మోకాలు ఎక్కడ నొప్పి, వేలు పెట్టి చూపించమ్మా" అన్నారు. రెండు నెలలు కూర్చోబెట్టి సర్వీసు మాత్రమే వేయించారు. పదిహేనేళ్లు దాటి, పిల్లే ఈ ఆట నాదని గట్టిగా అంటే అప్పుడు పెద్ద అకాడమీ, హాస్టల్, హైదరాబాద్ అన్నీ ఆలోచించండి. ఆ వయసుకి తప్పుని తప్పని చెప్పే నోరు వచ్చి ఉంటుంది.

మార్చాల్సి వస్తే

ఒక నెల బాగా ఆడలేదని, సెలక్షన్‌లో పేరు రాలేదని కోచ్‌ని మార్చకండి. నమ్మకం కుదరడానికి ఏడాదైనా పడుతుంది. కానీ గ్రౌండ్‌కి వెళ్లే టైమ్‌కి రోజూ కడుపునొప్పి వస్తుంటే, కోచ్ పేరు ఎత్తగానే మాట మారుస్తుంటే ఆలస్యం చేయకండి. ముందు పిల్లని కూర్చోబెట్టుకుని వినండి, మధ్యలో సలహా చెప్పకుండా. తర్వాత కోచ్‌తో మాట్లాడండి. దాదాపు ప్రతి కోచ్‌కీ ఒక అవకాశం ఇవ్వొచ్చు, పిల్ల భద్రతకి సంబంధించినది కానంతవరకు.

మారుస్తున్నామని చెప్పడానికి మాత్రం మీరే వెళ్లండి, పిల్లతో చెప్పించకండి. మేము పాత అకాడమీకి వెళ్లి ఫీజు బాకీ కట్టి, మొదటి ఏడాది నేర్పినదానికి థ్యాంక్స్ చెప్పి, మోకాలి సంగతి కూడా ఉన్నదున్నట్టు చెప్పాం. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒక్కసారే చెప్పిందండీ, నేను సరదాగా అన్నాను" అన్నారు. మా అమ్మాయి ఇప్పుడు యూనివర్సిటీ టీమ్‌లో ఆడుతోంది. సెలవుల్లో వచ్చినప్పుడు స్టేడియంలో చిన్న పిల్లలకి షటిల్స్ అందిస్తుంది. ఏ పిల్లయినా కాలు పట్టుకుని ఆగితే ఆట ఆపేసి దగ్గరికి వెళ్లి, "ఎక్కడ? వేలు పెట్టి చూపించు" అంటుంది.